పాటకు పని చెప్పినవాడు

మన నాటకాన్ని గురించి నలుగురు కూర్చుని మాట్లాడటం మొదలుపెడితే తగాదా చివరికి ఒకచోటికే వస్తుంది: పద్యం వుండాలా, పోవాలా? పాండవోద్యోగ విజయాల పద్యాలు లేనిదే తెలుగు నాటకం లేదనేవారు ఒక పక్షం. యుద్ధానికి బయలుదేరిన వీరుడు హార్మోనియం వంక చూసి, శ్రుతి సరిచేసుకుని, అయిదు నిమిషాలు రాగం తీసి, "వన్స్‌మోర్‌" కేక వినగానే మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవడమేమిటని నవ్వేవారు రెండో పక్షం. మనం సాధారణంగా రెండో పక్షంలో వుంటాం. ఆ నవ్వు న్యాయమైనదే. కాని నవ్వుతూ నవ్వుతూ ఒక పొరపాటు చేశాం. పద్యం మీది విసుగుతో పాటనే రంగస్థలం మీదినుంచి దించేశాం. పరిషత్తు పోటీల నాటికలో నాలుగు కుర్చీలూ, ఒక మేజాబల్లా, అప్పుల్లో వున్న ఒక గుమాస్తా కుటుంబమూ మిగిలాయి. పాట సినిమాకు పోయింది; అక్కడ దానికి డబ్బు దొరికింది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేతికి తీసుకుని పాటకు కొత్త పని చెప్పింది. అయితే ఆ పని ఎక్కువగా కథాగానం దగ్గరే నిలిచింది. నాటకంలోపలికి, సంభాషణ పక్కకి, పాట ఏ హక్కుతో రావాలన్న ప్రశ్న అట్లాగే వుండిపోయింది.

ఆ ప్రశ్నతో జీవితమంతా కుస్తీ పట్టిన మనిషి మన పొరుగునే వున్నాడు. ఆయన బాబుకోడి వెంకటరమణ కారంత్‌. కన్నడ, హిందీ రంగస్థలాల మీద, మరికొన్ని భాషల్లోనూ కలిపి వందకు పైగా నాటకాలకు దర్శకత్వం వహించాడు. వాటిలో అధిక భాగానికి సంగీతం కూడా తనే కూర్చాడు. 2002 సెప్టెంబరు 1న బెంగుళూరులో చనిపోయాడు. మనలో చాలామందికి ఆయన "చోమన దుడి" తీసిన సినిమా దర్శకుడుగానే తెలుసు. నా విద్యార్థులకు అదీ తెలియదు. ఇందుకు వారిని తప్పు పట్టను, మన ఎం.ఏ. పాఠ్యప్రణాళికలో నాటకం అంటే అచ్చయిన పుస్తకం. అచ్చులోకి రానివాడు మనకు చరిత్రలోకీ రాడు.

పొరుగువాడి సంగతి మనకెందుకనే మాట నాటకం విషయంలో చెల్లదు. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం కోస్తా పట్టణాల్లో ఆడి పోయిన తర్వాతనే గదా, వారు రాజమండ్రిలో విడిచిపోయిన పాకలో కందుకూరి తన విద్యార్థులచేత నాటకాలు ఆడించాడు! తెలుగు నాటకంలో పాటలకు చోటు కల్పించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారివాడు. రెండు భాషల గాలి పీల్చినవాడు. మన రంగస్థలం మీదికి పాట వచ్చిన దారి చాలావరకు అటువైపునుంచే. ఆ పాటను బాగుచేసిన మనిషి కూడా అటే వుండటంలో వింత లేదు.

కారంత్‌ 1929లో దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ తాలూకాలో పుట్టాడు. గ్రామం పేరు మంచి (వూరి పేరే అది, మన భాషలో అర్థం వెతకవద్దు). అది యక్షగానం దేశం. కోతలయ్యాక మేళాలు బయలుదేరి, కోసిన పొలాల్లో రాత్రంతా ఆడతాయి. చెండ, మద్దెల మోగుతుంటే భాగవతుడు తాళం పట్టుకుని పాడతాడు. వేషగాడు ఆ పాటకు అడుగువేసి, పాట ఆగినచోట సొంత మాటల్లో అర్థం విప్పుతాడు. ఇక్కడ ఒక్కటి గమనించాలి. యక్షగానంలో పాట పాత్రది కాదు, కథ చెప్పేవాడిది. రాజుగారి దుఃఖాన్ని రాజుగారు పాడరు. పక్కన నిలబడ్డ మనిషి పాడతాడు. కనుక ఆ దుఃఖం మీద వ్యాఖ్యానించే వీలు పాటకు వుంటుంది. వెక్కిరించే వీలు కూడా వుంటుంది. మన పద్యనాటకంలో ఈ వీలు లేదు. పద్యం నటుడి ఆస్తి. అతని గొంతు ఎంత బాగుంటే కథ అంతసేపు ఆగిపోవలసిందే.

పిల్లవాడు మూడో తరగతిలో "నన్న గోపాల" అనే నాటకంలో వేషం కట్టాడు. ఆ రుచి వదల్లేదు. చిన్నతనంలోనే ఇల్లు విడిచి పారిపోయి గుబ్బి కంపెనీలో చేరాడు.

గుబ్బి కంపెనీ అంటే మనవారికి సురభి గుర్తుకు రావాలి. గుబ్బి చన్నబసవేశ్వర నాటక సంఘం తుమకూరు ప్రాంతంలో 1884లో పుట్టింది. మరుసటి ఏడే, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు "కీచకవధ" ఆడించాడు. ఒక్క సంవత్సరం తేడాతో రెండు భాషల్లో రెండు కంపెనీలు! ఇది కాకతాళీయం కాదనుకుంటాను. రైళ్లు వస్తున్న కాలం, సంతలు పెరుగుతున్న కాలం, పార్శీ కంపెనీలు పరదాలూ యంత్రాలూ హార్మోనియమూ తీసుకుని దేశం చుట్టుతున్న కాలం. జమీందారు మెప్పుకోసం ఆడే ఆట స్థానంలో టిక్కెట్టు కొన్నవాడికోసం ఆడే ఆట వచ్చింది. దీన్ని వ్యాపారమని ఒక్కమాటతో తోసిపుచ్చడం మనకు అలవాటు. వ్యాపారమే. అయితే కులమేదైనా అణా పెట్టినవాడు లోపలికి రావచ్చుననే కొత్త సూత్రాన్ని ఆ వ్యాపారమే తెచ్చింది. ఆచరణలో ఎంతవరకు సాగిందన్నది వేరే మాట.

గుబ్బి వీరణ్ణ యజమానిగా వుండగా ఆ కంపెనీ "కురుక్షేత్ర"లో ఏనుగుల్ని, గుర్రాల్ని రంగస్థలం మీదికి తెచ్చింది. అటువంటి సంస్థలో పిల్లవాడి జీవితం ఎట్లా వుంటుందో మన సురభి కుటుంబాల కథలు విన్నవారికి చెప్పనక్కరలేదు. పొద్దున పాట సాధకం, మధ్యాహ్నం ఏదో ఒక పని, రాత్రి వేషం. మకాం మారితే పరదాలు చుట్టటం, బళ్లకెత్తటం. అక్కడ గురువూ యజమానీ ఒకరే. శ్రమకూ చదువుకూ మధ్య గోడ లేదు. దోపిడీకీ ఆదరణకూ మధ్య కూడా గోడ లేదు. తర్వాత కన్నడ సినిమాకు మహానటుడైన రాజ్‌కుమార్‌ కూడా ఆ కంపెనీలోనే తయారయ్యాడు. కారంత్‌కు రంగస్థలం పాట పుస్తకాలనుంచి గాని, ఆకాశవాణినుంచి గాని అబ్బలేదు. పరదా వెనుక నిలబడి, ఈ పాటకు జనం కదిలారా లేదా అని చూసి చూసి అబ్బింది.

వీరణ్ణ ఒక పని చేశాడు, దానికి ఆయన్ని మెచ్చుకోవాలి. ఈ కుర్రవాడిని చదువుకోమని కాశీ పంపాడు. కాశీలో కారంత్‌ హిందీలో ఎం.ఏ. చేశాడు, పండిత్‌ ఓంకారనాథ్‌ ఠాకూర్‌ దగ్గర హిందూస్థానీ సంగీతం నేర్చుకున్నాడు. తర్వాత ఢిల్లీలో జాతీయ నాటక విద్యాలయంలో చేరి 1962లో పట్టా తీసుకున్నాడు. చేలో యక్షగానం, గుడారంలో కంపెనీ పాట, కాశీలో ఖయాల్‌, ఢిల్లీలో ఆధునిక నాటకం! ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి దొరికినా మనలో ఒక్కొక్కడు జీవితాంతం దాన్నే పట్టుకుని కూర్చుంటాడు. ఆయన దేన్నీ పారేయలేదు, దేనికీ పూర్తిగా లొంగనూ లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. కళాకారుల జీవితచరిత్రలు రాసేవారు ఇంటి ఖర్చుల పద్దు రాయరు. కారంత్‌ భార్య ప్రేమ ఉపాధ్యాయినిగా పనిచేసింది. తర్వాత ఆమె కూడా నాటక విద్యాలయంలో చదివింది, పిల్లల నాటకాలకోసం పాటుపడింది, 1983లో "ఫణియమ్మ" సినిమా తీసింది. బాల్యంలోనే వితంతువై తల గొరిగించుకోవలసి వచ్చిన స్త్రీ కథ అది. ఆమె జీవితానికి వేరే వ్యాసమే రాయాలి. భర్త వ్యాసంలో ఒక పేరాగా మిగలవలసిన మనిషి కాదు. ఇక్కడ నేనూ ఆ తప్పే చేస్తున్నాను.

1972. బెంగుళూరు రవీంద్ర కళాక్షేత్రం వెనక ఆరుబయలు రంగస్థలం. అక్కడ జరిగిన నాటకోత్సవంలో కారంత్‌ దర్శకత్వంలో మూడు నాటకాలు వచ్చాయి: లంకేశ్‌ కన్నడంలోకి తెచ్చిన "ఈడిపస్‌", లంకేశ్‌దే "సంక్రాంతి", చంద్రశేఖర కంబార "జోకుమారస్వామి". కన్నడ నాటక చరిత్రను దీనికి ముందు, దీనికి తర్వాత అని విడదీసేవారున్నారు. ఆ మూడింటినీ ఒకచోట పెట్టి చూస్తే కారణం తెలుస్తుంది.

"సంక్రాంతి" 12వ శతాబ్దపు కల్యాణ నగరం కథ. బసవన్న ఉద్యమం కులం గోడల్ని తాకి, ఆ తాకిడికి రాజ్యమే కదిలి, చివరికి రక్తంలో ముగిసిన ఘట్టం. పాల్కురికి సోమనాథుడి "బసవ పురాణం" చదువుకున్న తెలుగువాడికి ఇది పరాయి కథ కాదు. కాకపోతే సోమనాథుడి భక్తి ఆవేశం చోట లంకేశ్‌ అనుమానం పెట్టాడు.

"జోకుమారస్వామి" సంగతి ఇంకా దగ్గరిది. ఉత్తర కర్ణాటకలో సంతానంకోసం, పంటకోసం స్త్రీలు చేసే ఒక జానపద క్రతువును, బయలాట పద్ధతిని తీసుకుని కంబార ఒక భూమి కథ అల్లాడు. వూరి గౌడు భూమినంతటినీ ఆక్రమించినవాడు, ఆడవాళ్ల మీద కన్నేసేవాడు, కాని నపుంసకుడు. బసణ్ణ ఆ భూమిని దున్నుతున్నవాడు. దున్నేవాణ్ణి నేను, నాది కాక మరెవరిదని అడుగుతాడు. బిడ్డకోసం గౌడసాని భర్తకని వండిన పొట్లకాయ కూర బసణ్ణ తింటాడు. ఆమె గర్భవతి అవుతుంది. గౌడు బసణ్ణను చంపిస్తాడు. పొలమూ స్త్రీ ఒకే తర్కంతో అతని చేయిదాటిపోయాయన్న మాటను నాటకం ఉపన్యాసంగా చెప్పదు. పాట చెపుతుంది, అదీ క్రతువు పాట, పచ్చిగా, నవ్వుతూ. కర్ణాటకలో భూసంస్కరణల చట్టానికి పెద్ద సవరణ వచ్చింది 1974లో. నాటకం రెండేళ్లు ముందుంది. నాటకంవల్ల చట్టం వచ్చిందని నేను అనటం లేదు. అటువంటి అతిశయోక్తులు మనవాళ్లు ఇదివరకే చాలా చేశారు. ఏ గాలిలో చట్టం పుట్టిందో ఆ గాలిలోనే నాటకమూ పుట్టిందని మాత్రం అనవచ్చు.

ఇక్కడ కారంత్‌ చేసిన పని ఏమిటి? కంబార స్వయంగా జానపదగానం తెలిసినవాడు. పాటలు రచనలోనే వున్నాయి. వాటిని అట్లాగే పాడిస్తే జానపద ప్రదర్శన అయ్యేది. పట్నంవాళ్లు చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవారు. కారంత్‌ పాటను బృందానికి ఇచ్చాడు. బృందమంటే పక్కన చాపమీద కూర్చున్న గాయకులు కాదు, ఆడే మనుషులే. ఒక క్షణం వూరివాళ్లు, మరుక్షణం పాడేవాళ్లు. పాట మొదలయినప్పుడు కథ ఆగదు. పాటలోనే ఒకడు వీథి దాటతాడు, ఒక రాత్రి గడుస్తుంది, ఒక హత్యకు ఏర్పాటు జరుగుతుంది. పద్యనాటకంలో పాట కథకు సెలవు. కారంత్‌ నాటకంలో పాట కథకు పనిరోజు.

1974 నాటి "సత్తవర నెరళు" ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. పేరుకు అర్థం "చచ్చినవారి నీడలు". శ్రీరంగ రాసిన నాటకం. మఠాల చుట్టూ అల్లుకునే అధికారాన్ని ఎత్తిపొడిచేది. దీనిలో కారంత్‌ పురందరదాసు మొదలైన దాసుల పదాలు వాడాడు. భక్తులు ఇళ్లలో పాడుకునే పదాలే. వాటి మాట మార్చలేదు. వాటిని పాడే సందర్భం మాత్రం మార్చాడు. పీఠంకోసం కొట్లాట జరుగుతున్నచోట వైరాగ్యం పాట వినిపిస్తే ఏమవుతుంది? పాట పరిహాసమవుతుంది, వింతగా, పాట ఘనత కూడా చెడదు. దాసుడు తన కాలంలో ఏ డాంబికాన్ని తిట్టాడో ఆ తిట్టు మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. మన వేమన పద్యాలతో ఇటువంటి పని నాటకంలో ఎవరైనా చెయ్యవచ్చు గదా అని నాకు ఎన్నోసార్లు అనిపించింది. మనం వేమనను పాఠ్యపుస్తకంలోనూ, క్యాలెండరు మీదా పెట్టి వూరుకున్నాం.

ఆయన సంగీతం ఎక్కడ నుంచి వస్తుందన్న ప్రశ్న విడిగా చూడాలి. రాగజ్ఞానం నిండుగా వున్నవాడు, ఓంకారనాథ్‌ శిష్యుడు. కావాలనుకుంటే ప్రతి నాటకాన్నీ కచేరీ చేయగలడు. చేయలేదు. రాళ్లు, కర్రముక్కలు, కొబ్బరిచిప్పలు, నటుల అరచేతులు, నేలమీద పాదాల చప్పుడు, గొంతులోనుంచి వచ్చే అర్థంలేని ధ్వనులు ఆయనకు వాయిద్యాలే. గొంతు బాగాలేని నటుడిచేత కూడా పాడించాడు. ఆ బొంగురు గొంతుకు తగిన స్వరం కట్టడం దర్శకుడి పని, స్వరానికి తగిన గొంతు వెతుక్కోవడం కాదు. ఈ ఒక్క మాట మన రంగస్థలం విని వుంటే, పాడలేనివాడు కృష్ణుడు కాకూడదు, నటించలేకపోయినా ఫరవాలేదు అనే దురాచారం ఎప్పుడో పోయేది.

ఇందులో నష్టమూ వుంది. అభ్యాసంలో, ఆ పదిమంది గొంతుల్లో పుట్టిన స్వరం ఆ పదిమందితోనే వుంటుంది. వారు చెదిరిపోతే స్వరమూ చెదిరిపోతుంది. కంపెనీలో అయితే తండ్రినుంచి కొడుక్కు పాట వచ్చేది. ఆధునిక బృందంలో ఆ వంశం లేదు, ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టవలసిందే. బెంగుళూరులో ఆయన పెట్టిన "బెనక" బృందం కొన్ని నాటకాల్ని ఏళ్లతరబడి మళ్లీ మళ్లీ ఆడింది. ఆయన సంగీతం నిలిచివుందంటే అటువంటి మొండితనం వల్లనే.

సినిమాల్లో మాత్రం కొంత భద్రంగా దొరుకుతుంది. 1971లో గిరీశ్‌ కర్నాడ్‌తో కలిసి "వంశవృక్ష" తీశాడు. "ఋష్యశృంగ", "ఘటశ్రాద్ధ" చిత్రాల సంగీతానికి జాతీయ బహుమతులు వచ్చాయి. మృణాళ్‌ సేన్‌ "పరశురామ్‌"కూ, "ఖారిజ్‌"కూ ఆయనే సంగీతం కూర్చాడు. కలకత్తా మధ్యతరగతి ఇంట్లో వంటగదిలో పడుకున్న పనిపిల్లవాడు చలికి, పొగకు చచ్చిపోతే ఆ ఇంటివాళ్లు పడే గిలగిల "ఖారిజ్‌". అటువంటి కథకు సంగీతం పెట్టడమంటే ఎంత మానుకోవాలో తెలియాలి.

అన్నిటికంటె "చోమన దుడి" దగ్గర ఆగాలి. శివరామ కారంత్‌ 1933లో రాసిన నవల (ఇద్దరు కారంత్‌లకూ బంధుత్వం లేదు). 1975లో సినిమా అయింది, ఆ ఏడు ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం పొందింది. చోముడు అంటరానివాడు, ఎట్టి బతుకు. ఒక్క కోరిక: కౌలుకైనా సరే సొంతంగా ఒక చెక్క దున్నుకోవాలి. ఎద్దుల జత వుంది. భూమి ఇచ్చేవాడు లేడు, అతని కులానికి దున్నుకునే హక్కు లేదు గనుక. అప్పు తీర్చటానికి పిల్లలు కాఫీ తోటలకు పోతారు. ఒకడు కలరాతో పోతాడు. ఒకడు క్రైస్తవుల్లో కలుస్తాడు. ఇంకొకడు నీళ్లలో మునిగిపోతుంటే, ముట్టుకుంటే మైలని ఒడ్డునున్నవారు పట్టి లాగరు. చోముడికి మిగిలింది దుడి. దుడి అంటే డోలు. కోపం వచ్చినా దుఃఖం వచ్చినా దాన్నే వాయిస్తాడు. చివర ఎద్దుల్ని విడిచిపెట్టి, గుడిసె తలుపు వేసుకుని వాయిస్తూ వాయిస్తూ చనిపోతాడు.

ఈ సినిమాను మా కళాశాలలో విద్యార్థులకు చూపించాం. చివర ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, చోముడు ఆ డోలు వాయించే బదులు తిరగబడితే బాగుండేది గదా" అన్నాడు. నేను ఏదో సమాధానం చెప్పబోయాను. వెనక బెంచీలోనుంచి ఇంకొక కుర్రవాడు, వాళ్ల నాన్న వూళ్లో డప్పు కొట్టేవాడట, "వాయించడమంటే ఏంటనుకున్నావురా" అన్నాడు. నేను సమాధానం చెప్పలేదు. చెప్పవలసినది అయిపోయింది. కారంత్‌ దుడి మోతను కథకు నేపథ్యం చేయలేదు. చోముడి నోరు చేశాడు. భూమి అడిగే నోరు మూసివున్నచోట చేతులు అడుగుతాయి. అయితే మొదటి కుర్రవాడి ప్రశ్న పిచ్చిది కాదు. వేదనను అంత అందంగా వినిపించినప్పుడు, ప్రేక్షకుడు చెవులతోనే తృప్తిపడి ఇంటికి పోయే ప్రమాదం వుంది. ఆ ప్రమాదాన్ని కారంత్‌ అన్నిసార్లూ తప్పించుకోలేదనే నా అభిప్రాయం.

1977నుంచి 1981 వరకు ఆయన జాతీయ నాటక విద్యాలయానికి డైరెక్టరు. ఢిల్లీ భవనంలో జరిగే శిక్షణను బయటికి తెచ్చి, మదురై వంటి దూర ప్రాంతాల్లో శిబిరాలు పెట్టాడు. 1979లో విద్యాలయ రెపర్టరీకి "బర్నమ్‌ వన" చేశాడు. షేక్స్‌పియర్‌ "మాక్బెత్‌"కు రఘువీర్‌ సహాయ్‌ హిందీ; అడుగులు మాత్రం యక్షగానానివి. ఇంగ్లీషు రాజుల కిరీటాల్ని మన మీద రుద్దటం మానాలనే పట్టుదల ఇందులో కనిపిస్తుంది, మెచ్చదగినదే. కాని యక్షగానం తుళునాడు రైతుల రాత్రినుంచి విడివడి ఢిల్లీ ప్రేక్షకుడి ముందు నిలబడ్డప్పుడు దానిలో ఎంత మిగిలింది? అడుగు మిగిలింది, పొలం పోయింది. 1980లలో మన దేశంలో "వేళ్లు" వెతికే నాటకం ప్రభుత్వ ధనంతో పెద్ద ఫ్యాషనయింది. జానపదం పేరుతో రంగురంగుల వూరేగింపులు వచ్చాయి. వాటిలో జోకుమారస్వామి క్రతువులు వున్నాయి గాని బసణ్ణ లేడు. ఈ ధోరణికి కారంత్‌ను బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. ఆయన విజయమే దానికి దారి చూపిందనటం మాత్రం అబద్ధం కాదు.

1981 తర్వాత మధ్యప్రదేశ్‌ ప్రభుత్వం పిలిచి భోపాల్‌ భారత్‌ భవన్‌లోని రంగమండల్‌ను అప్పగించింది. అక్కడ బుందేలీ, మాళవీ, ఛత్తీస్‌గఢీ మాటల్ని రంగస్థలం మీదికి తెచ్చాడు. ప్రామాణిక హిందీ తెలియనివాడు నటుడు కాలేడన్న అహంకారాన్ని అది కొంత విరిచింది. భోపాల్‌ కాలం చెడ్డగా ముగిసింది. 1986లో ఒక నటి నిప్పంటుకుని తీవ్రంగా గాయపడిన ఉదంతంలో ఆయన్ని అరెస్టు చేశారు. విచారణలో నేరం రుజువు కాలేదు, నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ సంగతి వదిలేసి ఆయన జీవితం రాయడం నిజాయితీ కాదు. గాయపడినది ఒక కళాకారిణి అన్నదీ, ఆయన కష్టాలు లెక్కపెట్టేటప్పుడు ఆమెను మరవరాదన్నదీ అంతే నిజం.

కర్ణాటకకు తిరిగివచ్చాక 1989లో మైసూరులో "రంగాయణ" ఆయన చేతిమీదుగా మొదలయింది. నటులకు నెలజీతం ఇచ్చి ఒకచోట వుంచి నాటకాలు ఆడించే ప్రభుత్వ సంస్థ. 1995 వరకు నడిపాడు. కంపెనీలో పెరిగిన మనిషి నడిపిన సంస్థలన్నీ చివరికి ప్రభుత్వానివి కావడం గురించి నేను చాలా ఆలోచించాను. టిక్కెట్టుమీద బతికే నాటకాన్ని సినిమా చంపింది. గ్రాంటుమీద బతికే నాటకానికి అన్నం దొరికింది. అయితే అధికారి మారినప్పుడల్లా గుండె కొట్టుకుంది. ఆయన ఏ సంస్థలోనూ ఎక్కువకాలం నిలవలేదు. ఆయన జ్ఞాపకాల్ని రచయిత్రి వైదేహి కూర్చిన పుస్తకం పేరు "ఇల్లిరలారె, అల్లిగె హోగలారె". ఇక్కడ వుండలేను, అక్కడికి పోలేను అని అర్థం. వేదాంతంలా వినబడుతుంది గాని, కంపెనీకీ ప్రభుత్వ సంస్థకూ మధ్య చిక్కుకున్న ఒక తరం కళాకారుల సొంత చిరునామా అది.

చివరికి మన ఇంటి సంగతి. 1990లలో జాతీయ నాటక విద్యాలయం పక్షాన కారంత్‌ హైదరాబాదు వచ్చి సురభివారితో శిబిరం నడిపాడు. వారిచేత "భీష్మ" ఆడించాడు. "బస్తీ దేవత యాదమ్మ" ఆడించాడు. రెండోది బ్రెహ్ట్‌ రాసిన సెచువాన్‌ నగరపు మంచి మనిషి కథ. దేవతలు ముగ్గురు భూమిమీదికి వచ్చి ఒక మంచి మనిషికోసం వెతుకుతారు. రాత్రికి చోటిచ్చింది ఒక వేశ్య. ఆమెకు కొంత డబ్బిచ్చి, మంచిగానే వుండమని చెప్పి పోతారు. ఆ డబ్బుతో దుకాణం పెడితే వూరంతా ఆమెను పీక్కుతింటుంది. బతకటానికి ఆమె లేని దాయాదిని ఒకణ్ణి సృష్టించి, మగవేషం కట్టి, తన మంచితనాన్ని తనే కాపాడుకోవలసి వస్తుంది.

నూరేళ్లకు పైగా సురభివారి విద్య భ్రమ కల్పించడం. ఘటోత్కచుడు మాయమవుతాడు, నారదుడు ఆకాశంనుంచి దిగుతాడు, బాణాలు గాలిలో ఢీకొంటాయి. బ్రెహ్ట్‌ విద్య భ్రమను పగలగొట్టడం. ఈ రెంటినీ ఒకే పరదా ముందు నిలబెట్టాలన్న ఆలోచన నాటక విద్యాలయం పుస్తకాలు మాత్రమే చదివినవాడికి రాదు. గుబ్బి గుడారంలో పరదాలు చుట్టిన చేతులకు వస్తుంది. సురభి కుటుంబాల్లో పిల్లలకు మాటలకంటె ముందు పాట వస్తుంది. వారికి బ్రెహ్ట్‌ పాటల్ని గురించి సిద్ధాంతం చెప్పనక్కరలేదు. పాట మధ్యలో ప్రేక్షకుణ్ణి సూటిగా చూడటం వారికి పుట్టుకతో వచ్చిన అలవాటు. మనం "వన్స్‌మోర్‌" రోగమని తిట్టిన అలవాటే అది.

ఆ నాటకానికి బ్రెహ్ట్‌ ముగింపు పెట్టలేదు. దేవతలు మబ్బెక్కి వెళ్లిపోతారు, ఆమె రక్షించమని అరుస్తూ మిగిలిపోతుంది. ఒక నటుడు ముందుకు వచ్చి, మాకు సరైన ముగింపు దొరకలేదు, మీరే వెతకండని జనానికి చెపుతాడు. సురభి రంగస్థలం మీద అట్లాంటి ముగింపు కొత్త. మాయాబజారులో శశిరేఖ పెళ్లి ఏనాడూ ఆగదు.